గీస్తే మందంగా వస్తుందన్నావు

ఇంటి నుంచి,
జనవరి

చిట్టీ,

అమ్మని ఇంటికి తీసుకొచ్చేశాం, కంగారు పడకు. పక్షవాతం కుడివైపు పట్టింది కాబట్టి కుడి చేయి ఇంకా ఒళ్ళోనే పడి ఉంటోంది. కాలు మాత్రం గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. మాట ముద్దగా వస్తోంది గానీ వస్తోంది. మొదటి మాట ఏమిటో తెలుసా? ఆసుపత్రిలో నర్సు టెలిఫోన్ తెచ్చి మంచం పక్కన పెట్టబోతే "అది తీసెయ్" అంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చెవులకి వైర్లు తగిలించుకుని కూర్చున్న మనిషి, ఆ విసుగుతోనే ఇంట్లోకి ఫోన్ అడుగు పెట్టనివ్వని మనిషి, ఆసుపత్రిలో ఊరుకుంటుందా! అందుకే మనకి ఇప్పటికీ ఉత్తరాలే గతి. నీ ఓడ ఏ రేవులో ఆగితే ఆ రేవులో అందుకో.

అసలు సంగతికి వస్తాను. నువ్వు ఓడ మీది పార్లర్‌లో ఉద్యోగానికి వెళ్ళినప్పటి నుంచి అమ్మ గడ్డం మీది వెంట్రుకల సంగతి చూసేవాళ్ళు లేరు. నువ్వున్నప్పుడు నెలకోసారి తలుపు గడియ పెట్టి వాక్సింగ్ చేసేదానివి. మధ్యలో ఒకటీ అరా మొలిస్తే తనే ప్లక్కర్‌తో పీక్కునేది. ఇప్పుడు ఆ పీక్కునే చేయే పడిపోయింది. పార్లర్ నుంచి ఎవరినైనా పిలిపిస్తానంటే నా మీద కళ్ళెర్రజేసింది. మన ముగ్గురికి తప్ప ఈ సంగతి లోకంలో ఎవరికీ తెలియదని ఆవిడ ధీమా. ఆసుపత్రిలో దుప్పటి ముక్కు దాకా లాక్కుని పడుకుంటే, చలి వేస్తోందేమోనని డాక్టరు ఇంకో దుప్పటి ఇప్పించాడు.

మొన్న ఆదివారం నేనే ధైర్యం చేశాను. మీ బావ కొత్త రేజర్ తీసి, సబ్బు నురగ రాసి, మెల్లగా గీశాను. కళ్ళద్దాల షాపులో పొద్దస్తమానం పరాయివాళ్ళ మొహాల మీద ఫ్రేములు సరిచేసే చేయి నాది, అంత తేలిగ్గా వణకదు. అయ్యాక అద్దం చూపించాను. జబ్బు పడ్డాక నవ్వడం అదే మొదలు.

రెండు రోజులకి ఎడమ చేత్తో తడుముకుని "గుచ్చుకుంటోందే" అంది. మళ్ళీ గీశాను. ఇప్పుడు రెండు మూడు రోజులకోసారి అదే పని. ఇందులో తప్పేమీ లేదు కదా? ఈ విద్య నీది, ఒక మాట చెప్పు.

ఇంకో కబురు. అవతలాయన ఉత్తరం రాశాడు. అవును, మనం చిన్నప్పుడు పేరు పెట్టిన ఆ అవతలాయనే. వేరే ఊరి ఎక్స్ఛేంజీలో అవతలి బోర్డు ముందు కూర్చుని, అన్నేళ్ళూ రోజూ అమ్మతో "లైన్ ఇస్తున్నానండీ", "తీసుకున్నానండీ" అంటూ గడిపిన మనిషి. నాన్న పోయాక అమ్మ మళ్ళీ డ్యూటీలో చేరిన రోజున, కాల్స్ అన్నీ పక్కన పెట్టి ఆవిడ ఏడుపు విన్న మనిషి. అయినా ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూసుకోలేదు. ఆయన కంటి నరం ఎండిపోతోందట, ఇక మందుల్లేవన్నారట. మే నెలలో మన ఊరి కంటి ఆసుపత్రిలో ఆఖరుసారి చూపించుకోవడానికి వస్తాడట. "చూపు ఉండగానే మిమ్మల్ని ఒక్కసారి చూసి పోవాలని ఉంది" అని రాశాడు.

మన ఇంట్లో ఏ ఉత్తరమైనా అమ్మకి గట్టిగా చదివి వినిపించాల్సిందే కదా. చదివాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. అప్పుడు, నీలం చీర ఉతికి పెట్టమంది.

అక్క


ఓడ మీద నుంచి,
ఫిబ్రవరి

అక్కా,

రేజరా! ఎంత పని చేశావు!

నన్ను ఒక్క మాట ముందు అడగాలని తోచలేదా? నీ ఉత్తరం చదివి మా గదిలో గట్టిగా అరిచాను. పై బెర్తు మీద పడుకున్న అమ్మాయి ఓడకి చిల్లు పడిందనుకుని లేచి కూర్చుంది.

ఇన్నేళ్ళ నా కష్టం మీ ఆయన సబ్బు నురగలో కొట్టుకుపోయింది. నేను మొదలుపెట్టినప్పుడు అమ్మ గడ్డం మీద అవి ఎలా ఉండేవో నీకేం తెలుసు? వేరుతో సహా లాగి లాగి, సన్నబరిచి, పలచబరిచి, నెల దాకా తలెత్తకుండా చేసి పెట్టాను. గీస్తే మందంగా వస్తుందక్కా. నల్లగా వస్తుంది, గరుగ్గా వస్తుంది. ఇది నేను కనిపెట్టిన సంగతేం కాదు, పార్లర్‌లో అడుగుపెట్టిన ప్రతి ఆడపిల్లకీ తెలుసు. నువ్వు ఇంకో నాలుగుసార్లు గీశావంటే, అమ్మా బావా పొద్దున్నే ఒకే అద్దం ముందు వంతులేసుకోవాలి.

ఇప్పుడు నేను చెప్పినట్టు విను. రేజర్ ముట్టుకోకు. బియ్యపు గింజంత పొడుగు వచ్చేదాకా వాటి జోలికి పోకు. నేను ఆగస్టులో దిగుతాను, దిగిన మర్నాడే నా వాక్స్ పెట్టె తెరుస్తాను. అవతలాయన్ని కూడా ఆగస్టులోనే రమ్మని రాయి. ఇన్నేళ్ళు ఆగినవాడు మూడు నెలలు ఆగలేడా?

నా మాట మీద నమ్మకం లేకపోతే రుజువు చూపిస్తాను. ఇవాళే ఎడమ చేయి మోచేతి దాకా గీసేశాను. కుడి చేతికి వాక్స్ పెట్టాను. ఓడ ఊగినప్పుడు వాక్స్ హీటర్ దొర్లిపోకుండా దాన్ని బల్లకి బెల్టుతో కట్టి మరీ చేశాను. ఏ చేయి ఏమవుతుందో నువ్వే చూద్దువుగాని.

కోపంలో రాశాను. అమ్మని జాగ్రత్తగా చూసుకుంటున్నావని తెలుసు. అయినా కోపమే.

చిట్టి


ఇంటి నుంచి,
ఫిబ్రవరి చివర

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. ఎప్పటిలాగే భోజనాలయ్యాక అమ్మ పక్కన కూర్చుని గట్టిగా చదివాను. ఒకే అద్దం ముందు వంతులేసుకోవాలన్న ముక్కతో సహా.

అమ్మ నవ్వలేదు. రేజర్ ఎక్కడుందని అడిగింది. తెచ్చి చూపించాను. బీరువాలో పెట్టి తాళం వేయమంది. వేశాను.

అవతలాయనకి ఆగస్టు అని రాయను. ఆ జబ్బు కళ్ళు షాపులో నాకు బాగా అలవాటు. ఒకసారి వచ్చినవాళ్ళు ఇంకోసారి వచ్చేసరికి గుమ్మం తడుముకుంటూ వస్తారు. మే అంటే మే.

ఒక్కటే అడుగుతున్నాను. గీస్తే మందంగా వస్తుందని నీకు నిజంగా తెలుసా, లేక అందరూ అంటారు కాబట్టి అంటున్నావా?

అక్క


ఓడ మీద నుంచి,
మార్చి

అక్కా,

ఆ ముక్క కూడా చదివేశావా! దాటేసి పోకూడదూ? అది నీ మీద విసురు గానీ అమ్మ మీద కాదు. అమ్మతో నా మాటగా చెప్పు, చిన్నదానికి నోటి దురుసు ఎక్కువని ఆవిడకి తెలియనిదేం కాదు.

ఇక నీ ప్రశ్నకి జవాబు. నా ఎడమ చేయే జవాబు. గీసిన మూడో రోజుకే గరుకు తేలింది. దుప్పటి మీద రుద్దితే పోగులు లేస్తున్నాయి. కుడి చేయి వాక్స్ పెట్టింది పెట్టినట్టు నున్నగా ఉంది. మా గది అమ్మాయిలందరి చేతా తడిమించాను, అందరూ నా పక్షమే. చూశావా? ఇప్పటికైనా ఒప్పుకో.

ఎడమ చేయి మొత్తం ఐదారుసార్లు గీశాను. ఇక రెండు చేతులనీ వాటి మానాన వదిలేసి, బాగా పెరిగాక భూతద్దం దీపం కింద పెట్టి చూస్తాను. చూడకముందే తెలిసిపోయింది, అయినా నీ నోరు మూయించాలిగా.

అమ్మ ఏమంటోంది? మాట తేటపడిందా? నా మీద కోపంగా ఉందా? నీ ఉత్తరంలో నాలుగు ముక్కలు రాసి వదిలేశావు. అలా రాస్తే నాకు ఇక్కడ అన్నం సయించదు.

చిట్టి


ఓడ మీద నుంచి,
ఏప్రిల్

అక్కా,

ముందుగా ఒక మాట. ఇది అందగానే బీరువా తాళం తియ్యి. రేజర్ తియ్యి. అమ్మకి నున్నగా గియ్యి. నేను చెప్పింది తప్పు.

నెలకి పైగా పెరగనిచ్చి, నిన్న రెండు చేతులూ భూతద్దం దీపం కింద పక్కపక్కన పెట్టాను. అక్కా, తేడా లేదు. ఏ చేయి గీసినదో ఏ చేయి లాగినదో నాకే తెలియలేదు. మా గది అమ్మాయిల్ని పిలిచి కనుక్కోమన్నాను. ఒకతె కుడి అంది, ఒకతె ఎడమ అంది, మూడో ఆవిడ నాకు పని లేదనుకుని పడుకుంది.

అయినా నమ్మబుద్ధి కాలేదు. ఓడ డాక్టరమ్మ దగ్గరికి పోయి రెండు చేతులూ ముందు పెట్టాను. ఆవిడ చూసి నవ్వింది. "రేజర్ తిరిగేది చర్మం పైన. వేరు ఉండేది లోపల. పైన కోసిన సంగతి వేరుకి ఎలా తెలుస్తుంది?" అంది. తనంతట తను పెరిగిన వెంట్రుక కొన సన్నగా, మెత్తగా ఉంటుందట. రేజర్‌తో కోస్తే ఆ కొన పోయి మొద్దుగా మిగులుతుంది. పొట్టిగా ఉన్నన్నాళ్ళూ అది గుచ్చుకుంటుంది, నల్లగా కనబడుతుంది. అంతకుమించి లావెక్కిందీ లేదు, ఎక్కువైందీ లేదు. ఆ గరుకు చూసే నేను మార్చిలో గెలిచానని ఎగిరాను.

మరి వాక్సింగ్ చేస్తే ఎందుకు మెత్తగా వస్తుందని పోట్లాడాను. వేరుతో ఊడొస్తుంది కాబట్టి కొత్తది మొదట్నుంచి పుట్టాలి, పుట్టినదానికి కొన సన్నగానే ఉంటుంది అంది. అన్నీ ఒకేసారి మొలవవు కాబట్టి పలచబడినట్టు కనబడుతుందట. ఏళ్ళ తరబడి లాగితే కొందరికి కొన్ని వేర్లు నీరసిస్తాయి గానీ అదీ అందరికీ కాదట. మరి అందరూ గీస్తే పెరుగుతుందని ఎందుకంటారని అడిగాను. ఆడపిల్లలు గీయడం మొదలుపెట్టేదే వెంట్రుకలు వాటంతటవి ముదిరే వయసులో, నింద రేజర్ మీద పడుతుంది అంది. అమ్మ గడ్డం మీద వచ్చేవి వయసుతో వచ్చేవట. నువ్వు గీసినా వస్తాయి, నేను లాగినా వస్తాయి.

అసలు మాట ఇంకా ఉంది. అమ్మ వేసుకునే మాత్రల పేర్లు చెప్పాను. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటూ, ఆ వయసు పలచటి చర్మం మీద వాక్స్ పెడితే తోలు లేచిపోతుంది, నల్లగా కమిలిపోతుంది అంది. గీయడమే మంచిదట. అంటే తెలియకుండానే నువ్వు చేసిందే సరైనది. తెలుసనుకున్న నేను వద్దన్నాను. ఇన్నేళ్ళుగా ఎంతమంది కస్టమర్లకి ఇదే ముక్క చెప్పి భయపెట్టానో! అది తలచుకుంటే తల కొట్టేసినట్టుంది.

ఇది మే లోపు మీకు అందాలి. తుఫాను వల్ల మధ్యలో రేవులు వదిలేసి పోతున్నాం, ఉత్తరాల సంచి ఎక్కడ దిగుతుందో ఎవరూ చెప్పడం లేదు. ఉత్తరాలు పంపే ఓడ ఏజెంటుని కాళ్ళా వేళ్ళా పడి బతిమాలాను. అవతలాయన వచ్చే రోజు పొద్దున్నే గియ్యి. వెంట్రుక పడుకున్న వైపే గియ్యి, ఎదురు గీయకు. నీలం చీర కట్టు. ఆయన ఏమన్నాడో, అమ్మ ఏమందో ఒక్క ముక్క వదలకుండా రాయి.

ఈ ఉత్తరం మాత్రం ఎంత గట్టిగా చదివినా నాకేం అభ్యంతరం లేదు.

చిట్టి


ఇంటి నుంచి,
మే

చిట్టీ,

ఆయన వచ్చాడు. వెళ్ళిపోయాడు. అమ్మని చూడలేదు.

ఆయన వచ్చే ముందు రోజు నేను బీరువా తాళం తీసి రేజర్ పట్టుకుని అమ్మ ముందు కూర్చున్నాను. "ఒక్క రేపటికమ్మా. తర్వాత నీ ఇష్టం" అన్నాను. తల అడ్డంగా ఊపింది. "చిన్నది చెప్పిందిగా. ఇంకా మందంగా వస్తాయి. దాని చేయి గరుకు తేలిందని కూడా రాసిందిగా" అంది. నీ మార్చి ఉత్తరం తర్వాత నీ నుంచి ఏమీ రాలేదు, అదే ఆవిడకి వేదవాక్కు. శాలువా చుడతానన్నాను. పట్టుకోవడానికి ఉన్నది ఒక్క చేయి, అదేమో గడ్డం వదలడం లేదు. "మొహం దాచుకుని ఎదురుగా కూర్చునే కంటే తలుపు చాటున కూర్చోవడం మేలు" అంది.

పొద్దున్నే నీలం చీర కట్టించుకుంది. తల దువ్వించుకుంది. అంతా అయ్యాక, "హాలు వైపు తలుపు వేసెయ్యి" అంది.

ఆయన్ని కూతురు చేయి పట్టుకుని తీసుకొచ్చింది. పొడుగ్గా, సన్నగా, మడత నలగని చొక్కాలో ఉన్నాడు. ఎదురుగా ఉన్నదే ఆయనకి కనబడుతోంది, పక్కలు కనబడవు. నన్ను తన ముందు నిలబెట్టి తేరిపార చూశాడు. "గొంతు మీ అమ్మగారిదే" అన్నాడు. ఒంట్లో బాగా లేదండీ, గదిలోంచి రాలేకపోతోంది అన్నాను. నా మొహం చూసి ఏమనుకున్నాడో, మరో మాట అడగలేదు. కుర్చీని ఆ తలుపు దగ్గరికి జరిపించుకుని కూర్చున్నాడు. నేను వంటింట్లోంచి చుట్టూ తిరిగి అమ్మ పక్కకి వెళ్ళాను.

"హలో. అవతల ఎవరండీ?" అన్నాడు తలుపుతో.

అమ్మ తలుపు వైపు వంగింది. తర్వాత, "నేనేనండీ. లైన్లోనే ఉన్నాను" అంది. అంత ముద్ద మాటలోనూ ఆ 'నేనేనండీ' తేటగా వచ్చింది.

ఇక చూడాలి చిట్టీ వాళ్ళ కబుర్లు. ఒక పెద్దాఫీసరుకి పెళ్ళాం బదులు అత్తగారిని కలిపిన రోజు, గాలివానకి లైన్లన్నీ పోయి వాళ్ళిద్దరి లైనొక్కటే మిగిలిన రోజు, అన్నీ తవ్వి తీసుకున్నారు. అమ్మ నవ్వింది. ఆయన నవ్వు ఈ గదిలోకి వినబడింది. హాల్లో ఆయన కూతురు కళ్ళు తుడుచుకుంటోందని తర్వాత తెలిసింది.

అప్పుడు ఆయన, "చూపు ఉండగా ఒకసారి చూద్దామని వచ్చానండీ. తలుపు తీయమనరూ?" అన్నాడు.

నా చేయి గడియ మీదే ఉంది. అమ్మ నా వంక చూసింది. ఎడమ చేయి గడ్డం మీద, కళ్ళ నిండా నీళ్ళు. నాకు గడియ తీయాలనే ఉంది. తీయలేకపోయాను.

"ఇవాళ లైను సరిగ్గా లేదండీ. మళ్ళీ చేయండి" అంది అమ్మ.

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. లేచేటప్పుడు తలుపు మీద అరచేయి పెట్టి, "సరేనండీ. పెట్టేస్తున్నాను" అన్నాడు. వెళ్ళాక అమ్మ ఆ చీర మార్చేయమంది. రెండు రోజులు అన్నం ముట్టలేదు.

నీ మీద అరవాలని కూర్చున్నాను, రాస్తూ రాస్తూ నా తప్పే ఎదురొస్తోంది. నువ్వు రాసిన ఆ అద్దం మాట దాటేసి చదవగలిగినదాన్నే. నాకూ కోపం వచ్చింది. నువ్వు నాతో ఎలా మాట్లాడతావో అమ్మకి తెలియాలనే చదివాను.

అక్క


ఓడ మీద నుంచి,
జూన్

అక్కా,

అంటే నా ఏప్రిల్ ఉత్తరం మీకు అందలేదన్నమాట. ఈపాటికి అంది ఉంటుంది. చదివి ఉంటావు. మళ్ళీ రాయడానికి నాకు చేయి రావడం లేదు.

అంత కోపం ఎందుకు వచ్చిందో చెప్తాను. ఇంట్లో అన్నీ నీవే. అమ్మ మందులు నీవి, డాక్టర్లు నీవి, రెండు పూటలా తోడు నీది. తలుపు గడియ పెట్టుకుని అమ్మ తల నా ఒళ్ళో పెట్టుకున్న ఆ అరగంట మాత్రం నాది. నెలకోసారి. నొప్పి పెట్టినా కదిలేది కాదు, కళ్ళు మూసుకుని "నీ చేతిలో ఏదో ఉందే" అనేది. ఆ అరగంటని నువ్వు ఒక రేజర్‌తో తీసేసుకున్నావనిపించింది. అందుకే పనికిమాలిన మాట రాశాను. తెలిసి అన్న మాట కాదది, ఉక్రోషంతో అన్నది.

ఆయన్ని మళ్ళీ పిలవలేమా? ఎలాగైనా పిలువు.

చిట్టి


ఇంటి నుంచి,
జులై

చిట్టీ,

నీ రెండు ఉత్తరాలూ అటూ ఇటుగా అందాయి. ఏప్రిల్‌లో రాసింది ముందొచ్చింది. కవరు నానిపోయి, ఎన్నో రేవుల ముద్రలు పడి వచ్చింది. అమ్మకి మొత్తం చదివాను. డాక్టరమ్మ మాటల దగ్గర ఆపి మళ్ళీ చదవమంది. అయ్యాక గోడవైపు తిరిగి పడుకుంది. చాలాసేపటికి, "అయితే గీసినా ఏమీ కాకపోవును" అంది. ఇంకాసేపటికి, "ఆయన్ని రమ్మని రాయి" అంది.

రాశాను. జవాబు ఆయన కూతురు రాసింది. మధ్యలో చూపు పూర్తిగా పోయిందట. వెలుగు, చీకటి తప్ప ఏమీ తెలియడం లేదట. ఇది అమ్మకి ఎలా చదవాలో తెలియక షాపులోనే రెండు రోజులు దాచుకున్నాను. దాటేయడం నేర్చుకున్నాను గానీ ఇంత పెద్ద ముక్కని ఎలా దాటేస్తాను? చదివాను. అమ్మ ఏడవలేదు. "అయినా రమ్మను" అంది.

నిన్న వచ్చాడు.

పొద్దున్నే నన్ను పిలిచి "గీయవే" అంది.

"ఆయనకి కనబడదు కదమ్మా" అన్నాను. నోరు జారింది.

"నాకు తెలుస్తుందిగా" అంది.

గీశాను. నువ్వు చెప్పినట్టే, వెంట్రుక పడుకున్న వైపే గీశాను. నీలం చీర కట్టాను. ఈసారి తలుపు బార్లా తీయించింది. ఆయన కూతురు చేయి పట్టుకుని లోపలికి వచ్చి అమ్మ ఎదురుగా కూర్చున్నాడు. కూర్చున్నాక ఇద్దరికీ మాట రాలేదు. ఇన్నేళ్ళూ మధ్యలో ఏదో ఒకటి అడ్డం ఉంటేనే వాళ్ళకి మాట్లాడటం అలవాటు.

చివరికి ఆయనే నా వైపు తిరిగి, "నువ్వు కళ్ళద్దాల షాపులో పని చేస్తావటగా. మొహాలు చూడటం నీ వృత్తేగా. మీ అమ్మగారు ఎలా ఉంటారో చెప్పమ్మా" అన్నాడు.

చెప్పాను. షాపులో కొత్త ఫ్రేముకి కొలిచినట్టే నుదుటి నుంచి మొదలుపెట్టాను. కళ్ళ మధ్య ఎడం కాస్త ఎక్కువండీ, అందుకే ఎప్పుడూ ఏదో వింటున్నట్టు ఉంటుంది అన్నాను. ముక్కు చిన్నది. జబ్బు చేశాక పెదవి కుడివైపు కొంచెం దిగింది. జుట్టు తెల్లబడింది గానీ ఒత్తుగానే ఉంది, ఒక్క చోట తప్ప. అన్నేళ్ళూ హెడ్‌సెట్ పట్టీ ఒరిసిపోయి, నడినెత్తిన అడ్డంగా ఒక గీత మేర మాత్రం జుట్టు మొలవడం మానేసింది. ఆ మాటకి ఆయన చేయి తన నెత్తి మీదికి పోయింది. తనకీ అక్కడే ఉందట.

అయిపోయిందనుకున్నాను. అమ్మ, "గడ్డం సంగతి చెప్పలేదే" అంది.

నేను ఉలిక్కిపడి చూశాను. "చెప్పవే" అంది మళ్ళీ.

మన ముగ్గురం ఇన్నేళ్ళూ దాచుకున్న సంగతి చిట్టీ. పరాయి మనిషి ముందు, ఆయన కూతురు వింటూ ఉండగా చెప్పాను. "గడ్డం మీద వెంట్రుకలు వస్తాయండీ. ఇవాళ పొద్దున్నే గీశాను. రెండ్రోజుల్లో మళ్ళీ వస్తాయి. మందంగా ఏమీ రావు, ఎప్పటిలాగే వస్తాయి" అన్నాను.

ఆయన తన దవడ తడుముకుని, "నావీ అంతేనండీ" అన్నాడు. అమ్మ నవ్వింది. అందరం నవ్వాం. నవ్వు అయ్యాక ఆయన నెమ్మదిగా, "మొన్న తలుపు తీయనిది దీనికేనా?" అన్నాడు.

"అవునండీ" అంది అమ్మ.

"తీసి ఉంటే ఇవన్నీ నేనే చూసుకునేవాణ్ణి కదండీ. పాపం, మీ అమ్మాయికి ఇంత శ్రమ ఉండేది కాదు."

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే మరీ కష్టంగా అనిపించింది. అమ్మ ఎడమ చేయి చాచి ఆయన చేయి పట్టుకుంది. "లైను నేనే కట్ చేశానండీ" అంది. చీకటి పడే వేళ దాకా అలా పట్టుకునే కూర్చున్నారు. టీ పెట్టిచ్చాను, ఇద్దరూ తాగలేదు.

ఆయన వెళ్ళాక దీపం వేయబోతే వద్దంది. మంచం మీద కూర్చుని గడ్డం తడుముకుంటూనే ఉంది. వెతకడానికి కాదు, ఊరికే. చాలాసేపటికి నాతో అంది, "ఎంత నున్నగా ఉందే! ఆ ఒక్క రోజు ఇలా ఉంటే చాలు కదే."

నేనేమీ అనలేకపోయాను. వచ్చే నెల నువ్వు వచ్చాక నీతోనూ అంటుంది. నువ్వూ ఏమీ అనకు. వాక్స్ పెట్టె అటకెక్కించి, రేజర్ నువ్వే తీసుకో. తలుపు గడియ పెట్టి అమ్మ తల ఒళ్ళో పెట్టుకో. ఆ అరగంట నేను వంటింట్లోనే ఉంటాను.

అక్క